టాక్సీలు, యాప్ క్యాబ్‌లు: నగరాల నియంత్రణ

అద్దెకు తిరిగే బండిని అదుపులో పెట్టాలనుకున్న ప్రభుత్వాలన్నీ అటూ ఇటూగా నాలుగు సంగతులే పట్టించుకున్నాయి. ఊళ్లో ఎన్ని బండ్లు తిరగాలి? వాటిని ఎవరు నడపాలి? కిరాయి ఎంత? జరగరానిది జరిగితే పూచీ ఎవరిది? గుర్రబ్బగ్గీల నాటి నుంచి సెల్‌ఫోన్‌లో బండిని పిలిచే ఈ రోజు దాకా జవాబులు మారాయి తప్ప ప్రశ్నలు మారలేదు. నాలుగింటిలోనూ పెద్ద పేచీ మూడోదానితోనే. కిరాయి లెక్కగట్టే యంత్రం ఎవరి చేతిలో ఉంటే బేరం వాళ్లది. అందుకే టాక్సీల నియంత్రణ చరిత్ర చాలావరకు మీటరు చరిత్రే.

కూరగాయల ధర సర్కారు కట్టదు కదా, కిరాయి ఎందుకు కట్టాలి అని అడగొచ్చు. రైతుబజారులో వంకాయలు నచ్చకపోతే పక్క గంప దగ్గరికి పోతాం. రాత్రి పదకొండింటికి, వానలో, పిల్లల్నీ సంచుల్నీ పట్టుకుని సికింద్రాబాద్ స్టేషన్ బయట నిలబడ్డ మనిషికి పక్క గంప ఉండదు. ఎదుట ఆగిన ఆటో అడిగిందే ధర. పైగా బండి బ్రేకులు ఎలాంటివో, తోలేవాడు ఎలాంటివాడో దిగేదాకా తెలియదు. ఇది ప్రయాణికుడి వైపు సంగతి. రెండో వైపు డ్రైవరు ఉన్నాడు. ఊరికి మించి బండ్లు దిగితే అందరూ స్టాండులో సగం రోజు కూర్చుంటారు, మిగతా సగం ఖాళీగా తిరుగుతూ పెట్రోలు తగలేస్తారు. రోడ్డు నిండుతుంది, జేబు నిండదు. ఈ రెండు బాధల మధ్యే నియంత్రణ పుట్టింది.

లండన్: పలక, పరీక్ష

అద్దె బగ్గీలను నియంత్రించే ఉత్తర్వును ఇంగ్లండ్ ప్రభుత్వం 1654లో, ఆలివర్ క్రామ్‌వెల్ హయాంలో చేసింది. లండన్‌లో 300 బగ్గీలకు మించరాదన్నది అందులో నియమం. రాజరికం తిరిగొచ్చాక 1662లో దాన్ని 400 చేశారు. సంఖ్యకు గీత గీసిన రోజే ఆ గీతను జరపమనే వాళ్లూ, జరపొద్దనే వాళ్లూ రెండు పక్షాలుగా తయారవుతారు. లైసెన్సు ఉన్నవాడికి గీత కోటగోడ. లేనివాడికి అది మూసిన తలుపు. తర్వాత వచ్చిన ప్రతి నగరంలోనూ ఇదే తంతు.

సంఖ్య సంగతి పక్కన పెడితే, ఎవరు నడపాలన్న ప్రశ్నకు లండన్ ఇచ్చినంత కఠినమైన జవాబు మరో ఊరు ఇవ్వలేదు. 1865 నుంచి అక్కడ ‘నాలెడ్జ్’ అనే పరీక్ష ఉంది. చారింగ్ క్రాస్ నుంచి ఆరు మైళ్ల వ్యాసార్ధంలో ఉన్న దాదాపు 25 వేల వీధులు, వాటి వెంబడి ఉన్న ఆసుపత్రులు, నాటకశాలలు, కోర్టులు, హోటళ్లు అన్నీ నోటికి రావాలి. చదువుకోవడానికి 320 నమూనా దారులున్న పుస్తకం ఇస్తారు. అభ్యర్థి ఒక చిన్న స్కూటరు కొని, హ్యాండిల్ మీద పలకకు మ్యాపు బిగించి, ఎండనక వాననక ఆ దారులన్నీ తిరుగుతాడు. లండన్ రోడ్ల మీద అలాంటి స్కూటర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. పరీక్ష ముఖాముఖి. ఎదుట కూర్చున్న అధికారి రెండు చోట్ల పేర్లు చెబుతాడు. అభ్యర్థి మ్యాపు చూడకుండా, ఫలానా వీధిలో బయల్దేరి ఎడమకు తిరిగి, చౌరస్తా దాటి, కుడికి మళ్లి అంటూ ఎక్కాలు అప్పజెప్పినట్టు దారంతా అప్పజెప్పాలి. ఇలాంటి హాజరీలు ఎన్నో ఉంటాయి. గట్టెక్కడానికి మూడు నాలుగేళ్లు పట్టడం మామూలు. ఈ డ్రైవర్ల మెదడులో దారులను గుర్తుపెట్టుకునే హిప్పోకాంపస్ వెనుక భాగం ఇతరులకంటే పెద్దదిగా ఉందని లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఎలెనార్ మగ్వైర్ బృందం 2000లో తేల్చింది. సర్కారు పెట్టిన ఒక లైసెన్సు నిబంధన మనిషి మెదడు ఆకారాన్నే మార్చిన ఉదాహరణలు ఎన్నో ఉండవు.

నాలెడ్జ్ నెగ్గిన వాడికి దక్కేది ఒక ప్రత్యేక హక్కు. రోడ్డు మీద చెయ్యెత్తిన ప్రయాణికుణ్ని అక్కడికక్కడే ఎక్కించుకోవడం నల్ల టాక్సీకి మాత్రమే చెల్లుతుంది. ముందుగా మాట్లాడుకున్న బండికి ఆ హక్కు లేదు. యాప్ తగాదాలన్నిటికీ బీజం ఈ తేడాలోనే ఉంది. 1961లో మైకేల్ గోట్లా అనే వ్యాపారి చిన్న రెనో కార్లకు రేడియోలు తగిలించి, ఫోన్ చేస్తే ఇంటికొచ్చే ‘మినీక్యాబ్’ మొదలుపెట్టాడు. చెయ్యెత్తితే ఎక్కించుకోవడం మాది కాదు, ముందే మాట్లాడుకుంటాం, కాబట్టి చట్టం మాకు వర్తించదు అన్నది అతని వాదన. నల్ల టాక్సీల వాళ్లు రోడ్ల మీద ఆ కార్లను చుట్టుముట్టారు, కొట్లాటలయ్యాయి. లండన్ మినీక్యాబ్‌లకు లైసెన్సు విధించే చట్టం 1998లో గానీ రాలేదు. మధ్యలో పోయినవి 37 ఏళ్లు. కొత్త రకం బండి వచ్చాక చట్టం వచ్చేదాకా ఇంత ఎడం ఉంటుందని తెలిస్తే, ఉబర్ విషయంలో నగరాలు తడబడటం పెద్ద వింతగా తోచదు.

మీటరు అనే పెట్టె

టాక్సీ అన్న పేరు బండిది కాదు, మీటరుది. జర్మనీకి చెందిన ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ గుస్టావ్ బ్రూన్ 1891లో తయారుచేసిన కిరాయి మీటరు పేరు మీదుగా అద్దె కారుకు టాక్సీ అన్న మాట స్థిరపడింది. 1907లో లండన్ అధికారులు దాన్ని తప్పనిసరి చేశారు. అంతకుముందు బండివాడూ ప్రయాణికుడూ దూరం గురించి వాదులాడుకుని, ఒక్కోసారి మేజిస్ట్రేటు దాకా వెళ్లేవారు. మీటరు వచ్చాక ఆ వాదన ఒక పెట్టెలోకి వెళ్లింది.

ఆ పెట్టెను దగ్గరగా చూడాలి. పాత ఆటోలో హ్యాండిల్ పక్కన ఉండే మీటరుకు ఒక రేకు జెండా ఉండేది. జెండా నిలబడి ఉంటే బండి ఖాళీ. సవారీ ఎక్కగానే డ్రైవరు దాన్ని పక్కకు వాల్చేవాడు. మీటరు వేయడం అంటే అదే. చక్రాల తిరుగుడు ఒక కేబుల్ ద్వారా లోపలి పళ్లచక్రాలకు చేరి అంకెలను తిప్పేది. పెట్టె విప్పకుండా సన్నని తీగ కట్టి, తీగ ముడి మీద సీసపు బిళ్ల నొక్కి, తూనికలు కొలతల శాఖ దాని మీద ముద్ర వేసేది. కిరాణా కొట్టులో తక్కెడకు వేసే ముద్రకు ఇది తోబుట్టువు. మన దేశంలో ఇప్పటికీ ఎలక్ట్రానిక్ మీటర్లను ఏటా పరీక్షకు పెట్టి ముద్ర వేయించుకోవాలన్నది నిబంధన. ఇందులో ఒక తమాషా ఉంది. మీటరు లెక్కపెట్టేది దూరాన్ని కాదు, చక్రం ఎన్నిసార్లు తిరిగిందన్నదాన్ని. టైరు అరిగితే చుట్టుకొలత తగ్గుతుంది, అదే దూరానికి చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది. గుండైన టైర్ల బండిలో మీటరు కాస్త ముందుకు నడిచేది. డ్రైవరు పాపం ఏమీ చేయకపోయినా సరే.

రేటు పెరిగినప్పుడల్లా లక్షల మీటర్లు విప్పి సరిచేయడం కుదరని పని. బొంబాయి వాళ్లు దానికి కనిపెట్టిన ఉపాయం టారిఫ్ కార్డు. మీటరు ఏదో పాత అంకె చూపించేది, డ్రైవరు జేబులోంచి రవాణా శాఖ అచ్చువేసిన కార్డు తీసి దానికెదురుగా ఉన్న కొత్త అంకె చూపించేవాడు. మీటరు ఒకటి చెప్పడం, ఇచ్చేది మరొకటి కావడం. అయినా ఆ కార్డు అందరి ముందూ ఉండేది కాబట్టి బొంబాయిలో మీటరు మీద నమ్మకం నిలిచింది. ఇతర నగరాల వాళ్లు అక్కడి నలుపు పసుపు టాక్సీని ఇంతగా మెచ్చుకోవడానికి కారణం ఇదే. ఆ ఊరి ప్రీమియర్ పద్మిని టాక్సీల్లో చివరిది 2003 అక్టోబరు 29న రిజిస్టరయింది. ఇరవై ఏళ్ల వయోపరిమితి నిండి 2023 అక్టోబరు 30 నుంచి రోడ్డుకు దూరమైంది.

న్యూయార్క్: రేకు బిళ్ల ధర పది లక్షల డాలర్లు

ఎన్ని బండ్లు అన్న ప్రశ్నకు అతి కచ్చితమైన జవాబు చెప్పి, అతి ఘోరంగా దెబ్బతిన్న నగరం న్యూయార్క్. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఉద్యోగాలు పోయినవాళ్లంతా టాక్సీలు తిప్పడం మొదలుపెట్టడంతో కిరాయిలు పడిపోయాయి. 1937లో మేయర్ లాగార్డియా సంతకంతో హాస్ చట్టం వచ్చింది. ప్రతి టాక్సీ బానెట్‌కు ఒక లోహపు బిళ్ల బిగించాలి, బిళ్ల లేనిదే రోడ్డు మీద ప్రయాణికుణ్ని ఎక్కించుకోరాదు, కొత్త బిళ్లలు ఇచ్చేది లేదు. ఆ రోజు దాని ఖరీదు 10 డాలర్లు. కొన్ని బిళ్లలు కాలక్రమంలో రద్దయి 11,787 మిగిలాయి. 1996 దాకా అదే అంకె. నగరం పెరిగింది, బిళ్లలు పెరగలేదు. అమ్ముకోవడానికీ తాకట్టుకూ వీలుండటంతో ఆ బిళ్ల కాస్తా ఆస్తిగా మారింది. 2013, 2014 నాటికి ఒక్కో బిళ్ల పది లక్షల డాలర్లు దాటింది.

కొన్నవాళ్లలో చాలామంది దక్షిణాసియా, ఆఫ్రికా, కరీబియన్ దేశాల నుంచి వలస వచ్చిన డ్రైవర్లు. సొంత బండి, సొంత బిళ్ల, ఎవరికీ తలవంచని బతుకు అని ఆశపడి అప్పు చేసి కొన్నారు. ఆ అప్పులు ఇచ్చిన తీరులోనే మోసం ఉందని న్యూయార్క్ టైమ్స్ 2019లో రాసిన పరిశోధన కథనాలకు మరుసటి ఏడాది పులిట్జర్ వచ్చింది. బిళ్లలు వేలం వేసి సొమ్ము చేసుకున్నదీ నగరమే, వాటిని భద్రమైన పెట్టుబడి అని ప్రచారం చేసిందీ నగరమే. ఈలోగా యాప్ కార్లు బిళ్లతో పనిలేకుండా వచ్చి పడ్డాయి. బిళ్ల ధర కుప్పకూలింది. 2018లో పలువురు డ్రైవర్లు ప్రాణాలు తీసుకున్నారు. 2021 శరదృతువులో డ్రైవర్లు సిటీ హాలు ముందు 15 రోజులు నిరాహార దీక్ష చేశాక, నగరం అప్పులకు హామీ పడటానికి ఒప్పుకుంది. అసలును 2 లక్షల డాలర్లకు కుదించి, అందులో 30 వేలు తానే భరించింది. సంఖ్యకు హద్దు పెట్టడం తప్పు కాదు. హద్దుకు ధర కట్టి సంతలో అమ్ముకోనివ్వడం తప్పు.

గేట్లు బార్లా తెరిస్తే ఏమవుతుందో డబ్లిన్ చూపించింది. 2000లో కోర్టు తీర్పు తర్వాత ఐర్లండ్ సంఖ్యా పరిమితి ఎత్తేసింది. రెండేళ్లలో డబ్లిన్ టాక్సీలు దాదాపు మూడింతలయ్యాయి. ప్రయాణికుల క్యూలు తగ్గాయి, డ్రైవర్ల పని గంటలు పెరిగాయి.

న్యూయార్క్ మాత్రం యాప్‌లు చెరిపేసిన గీతను మళ్లీ గీసింది. 2018 ఆగస్టులో యాప్ కార్ల కొత్త లైసెన్సులను ఆపేసింది. అమెరికా పెద్ద నగరాల్లో ఇది మొదటిది. 2019 ఫిబ్రవరి నుంచి డ్రైవరుకు ఖర్చులు పోను గంటకు కనీసం 17.22 డాలర్లు ముట్టాలన్న సూత్రం తెచ్చింది. ఆ సూత్రంలో అసలు కీలకం, బండి ఖాళీగా తిరిగే సమయాన్నీ లెక్కలోకి తీసుకోవడం. ఖాళీ ఎక్కువైతే కంపెనీ ఎక్కువ ఇవ్వాలి. కంపెనీలు ఏం చేశాయి? గిరాకీ లేని వేళల్లో డ్రైవర్లను యాప్‌లోకే రానివ్వకుండా తలుపేశాయి. నియమం పుట్టిన చోటే సందు పుడుతుందని మన ఆర్టీఏ ఆఫీసుల ముందు కూర్చునే ఏజెంట్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

యాప్ వచ్చాక

2009లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఉబర్, మరుసటి ఏడాది కార్లు పంపడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఒకే మాట చెబుతూ వచ్చింది: మేము టాక్సీ నడపడం లేదు, ప్రయాణికుణ్నీ డ్రైవర్‌నీ కలిపే సాఫ్ట్‌వేర్ మాత్రమే మాది. గోట్లా మాటకు ఇది మనవరాలు. కాలిఫోర్నియా 2013లో ‘రవాణా నెట్‌వర్క్ కంపెనీ’ అని వీటికో కొత్త తరగతి సృష్టించి, నియంత్రణను నగరాల నుంచి రాష్ట్ర సంస్థకు మార్చింది. టెక్సాస్ రాజధాని ఆస్టిన్ డ్రైవర్ల వేలిముద్రల తనిఖీ ఉండాల్సిందేనని పట్టుబట్టింది. 2016 మేలో నగర ఓటర్లు కూడా అదే తేల్చారు. ఉబర్, దాని పోటీ కంపెనీ లిఫ్ట్ ఆ ఊరు వదిలి వెళ్లిపోయాయి. మరుసటి ఏడాదే టెక్సాస్ శాసనసభ నగరాలకు ఆ అధికారమే లేకుండా చట్టం చేసింది, కంపెనీలు తిరిగొచ్చాయి. నగరంలో ఓడినవాడు రాష్ట్రంలో గెలవడం ఈ వ్యాపారంలో మామూలయింది.

ఐరోపాలో గాలి వేరే వైపు వీచింది. బార్సిలోనా టాక్సీ సంఘం వేసిన కేసులో ఐరోపా న్యాయస్థానం 2017 డిసెంబరు 20న ఉబర్ చేసేది రవాణా సేవేనని, సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి తప్పించుకోవడం కుదరదని తీర్పు చెప్పింది.

మీటరు దృష్టితో చూస్తే మాత్రం అన్నిటికంటే ఆసక్తికరమైనది లండన్ హైకోర్టు 2015 అక్టోబరు తీర్పు. అక్కడి చట్టం ప్రకారం మినీక్యాబ్‌లో మీటరు ఉండరాదు, అది నల్ల టాక్సీ హక్కు. డ్రైవరు ఫోన్‌లో ఉన్న యాప్ మీటరే కదా అని నల్ల టాక్సీల వాదన. కాదంది కోర్టు. దూరమూ సమయమూ ఫోన్ నుంచి వెళ్తున్నాయి గానీ, కిరాయి లెక్కగట్టేది ఎక్కడో ఉన్న సర్వర్, కాబట్టి ఆ కారుకు మీటరు బిగించినట్టు కాదు అని తేల్చింది. చట్టం మాటలకు కట్టుబడితే ఆ తీర్పు సరైనదే. కానీ దాని అర్థం ఏమిటంటే, వందేళ్లుగా ప్రయాణికుడి కళ్లెదుట సీలు వేసి ఉన్న పెట్టె బండిలోంచి మాయమైంది. సీసపు బిళ్ల నొక్కడానికి అధికారికి చోటు లేదు.

పూచీ ప్రశ్న కూడా లండన్‌లోనే బాగా నలిగింది. 2017 సెప్టెంబరులో నగర రవాణా సంస్థ ఉబర్ లైసెన్సు పొడిగించనంది. కోర్టు 15 నెలలు ఇచ్చింది. 2019 నవంబరులో సంస్థ మళ్లీ కాదంది. వేరొకరి ఖాతాలో తమ ఫొటో ఎక్కించి, అనుమతి లేని డ్రైవర్లు కనీసం 14 వేల ప్రయాణాలు చేశారన్నది ఆరోపణ. యాప్‌లో కనిపించే ముఖం లైసెన్సున్న డ్రైవరుదేనని నమ్మి ఎక్కినవాళ్లు అన్ని ప్రయాణాల్లోనూ మోసపోయారు. 2020లో కోర్టు 18 నెలల లైసెన్సు ఇచ్చింది, 2022లో అది మరో 30 నెలలు సాగింది. నాలెడ్జ్ అంత పరీక్ష అక్కర్లేకపోవచ్చు. దారి చూపడానికి ఉపగ్రహం ఉంది. కానీ ఎదుటి మనిషి ఎవరో చెప్పడానికి ఉపగ్రహం పనికిరాదు.

2021 ఫిబ్రవరి 19న బ్రిటన్ సుప్రీంకోర్టు ఉబర్ డ్రైవర్లు స్వతంత్ర వ్యాపారులు కారని, కనీస వేతనం, వేతనంతో సెలవు పొందే హక్కున్న కార్మికులని ప్రకటించింది. అందుకు చూపిన కారణాల్లో మొదటిది ఏమిటో గమనించాలి. కిరాయి నిర్ణయించేది కంపెనీ, డ్రైవరు అంతకుమించి అడగలేడు. మీటరు ఎవరిదో యజమాని వాడే అని న్యాయమూర్తులు ఇంకో మాటలో చెప్పారు.

మన దేశంలో

న్యూయార్క్‌కు టాక్సీ కమిషన్ ఉంది, లండన్‌కు రవాణా సంస్థ ఉంది. మన నగరపాలక సంస్థలకు టాక్సీ మీద అలాంటి పెత్తనం లేదు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం పర్మిట్ ఇచ్చేదీ, కిరాయి ప్రకటించేదీ రాష్ట్ర రవాణా యంత్రాంగం. 74వ సెక్షన్ కింద 5 లక్షల జనాభా దాటిన నగరాల్లో కాంట్రాక్ట్ క్యారేజీల సంఖ్యకు హద్దు పెట్టవచ్చు. 67వ సెక్షన్ కిరాయిల గురించి. పసుపు పలక మీద నల్ల అక్షరాలుంటే అద్దె బండి, ఆకుపచ్చ పలక మీద పసుపు అక్షరాలుంటే విద్యుత్ అద్దె బండి, తెల్ల పలకైతే సొంతానికి.

ఓలా 2010లో, ఉబర్ 2013లో మన రోడ్ల మీదికి వచ్చినప్పుడు ఈ చట్టంలో వాటికి గది లేదు. 2014 డిసెంబరులో ఢిల్లీలో ఉబర్ క్యాబ్‌లో ఒక యువతి మీద జరిగిన అత్యాచారం దేశాన్ని కుదిపింది. డ్రైవరు పూర్వాపరాలను ఎవరూ తనిఖీ చేయలేదని బయటపడింది. ఢిల్లీ ప్రభుత్వం వెంటనే యాప్ క్యాబ్‌లను నిషేధించింది, నిషేధం కాగితం మీదే ఎక్కువ అమలైంది. రాష్ట్రాల్లో కర్ణాటక 2016లో యాప్ కంపెనీలకు విడిగా నియమాలు చేసింది. చట్టంలోకి ‘అగ్రిగేటర్’ అన్న మాట 2019 సవరణతో గానీ రాలేదు. 93వ సెక్షన్ కింద లైసెన్సు తప్పనిసరి. లేకుండా నడిపితే 25 వేలకు తగ్గకుండా లక్ష రూపాయల దాకా జరిమానా. వేల కోట్ల కంపెనీకి లక్ష రూపాయల జరిమానా అంటే పెళ్లివిందులో ఉప్పు ఖర్చు.

ఈ అధ్యాయంలో డ్రైవర్లకు మేలు చేసిన ఒక తీర్పు మరుగున పడిపోతుంటుంది. మామూలు కారు లైసెన్సు ఉన్నవాడు 7,500 కిలోల లోపు అద్దె బండిని నడపడానికి విడిగా బ్యాడ్జి అక్కర్లేదని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. బీమా కంపెనీలు దాన్ని తిరగదోడాలని చూశాయి. 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పాత తీర్పునే ఖాయం చేసింది. ప్రమాదంలో పోయినవాళ్ల కుటుంబాలకు బీమా సొమ్ము ఎగ్గొట్టడానికి ఉన్న ఒక పెద్ద సాకు దాంతో పోయింది.

కేంద్రం 2020 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు రద్దీ వేళ చార్జీని ఆధార చార్జీకి ఒకటిన్నర రెట్ల దగ్గర ఆపాయి. 2025 జూలై 1న వచ్చిన కొత్త మార్గదర్శకాలు దాన్ని రెండు రెట్లు చేశాయి. తగ్గిస్తే సగానికి తగ్గకూడదు. సొంత బండి డ్రైవరుకు కిరాయిలో కనీసం 80 శాతం చేరాలి. కారణం లేకుండా ప్రయాణం రద్దుచేస్తే, చేసింది డ్రైవరైనా ప్రయాణికుడైనా, కిరాయిలో 10 శాతం, వంద రూపాయలకు మించకుండా అపరాధం. తెల్ల పలక మోటారు సైకిళ్లను రాష్ట్రాలు ఒప్పుకుంటే నడుపుకోవచ్చు. గోవాలో పసుపు, నలుపు రంగు బైకుల మీద ‘పైలట్లు’ యాప్‌లు పుట్టకముందు నుంచీ లైసెన్సుతో జనాన్ని తిప్పుతున్నారు. మహారాష్ట్ర, ఢిల్లీ, కర్ణాటకల్లో మాత్రం బైక్ టాక్సీ కోర్టు మెట్లెక్కింది. సాధ్యం కాని పని కాదు, చేయదలచుకోని పని అనిపిస్తుంది.

మార్గదర్శకాలు దిగేలోపే కంపెనీలు ఎత్తు మార్చాయి. బెంగళూరులో 2022లో మొదలైన నమ్మ యాత్రి యాప్, కమిషన్ వద్దు, డ్రైవరు రోజుకు కొద్దిపాటి చందా కడితే చాలు అంది. ఆటో డ్రైవర్లు ఎగబడ్డారు. రాపిడో, ఉబర్ కూడా ఆటోలకు అదే దారి పట్టాయి. డ్రైవరుకు ఇది లాభమే. కానీ కమిషనే లేనప్పుడు 80 శాతం నియమం దేనికి వర్తిస్తుంది? యాప్ చూపే అంకె సూచన మాత్రమే, కిరాయి మీరూ డ్రైవరూ మాట్లాడుకోండి అంటున్న కంపెనీకి పూచీ ఎంత? తెర మీద 140 ఉంటే, సార్ 180 ఇవ్వండి అని డ్రైవరు అడుగుతాడు. ఇది మనకు కొత్త వాక్యం కాదు.

హైదరాబాద్ సంగతి

మీటరు మీద నలభై ఇస్తారా? హైదరాబాద్‌లో ఆటో ఎక్కిన ప్రతివాడూ విన్న మాట ఇది. తర్వాత మీటరే పోయింది, నలభై మిగిలింది. ఉమ్మడి రాష్ట్రం చివరి రోజుల్లో, 2014లో, మొదటి 1.6 కిలోమీటర్లకు రూ.20, ఆపైన కిలోమీటరుకు రూ.11 అని ఆటో చార్జీ ప్రకటించారు. ఆ తర్వాత గ్యాసు, విడిభాగాలు, ఇంటి అద్దె అన్నీ పెరిగినా ఆ రేటు ఏళ్ల తరబడి కదల్లేదు. బెంగళూరులో 2025 ఆగస్టు 1 నుంచి మొదటి 2 కిలోమీటర్లకు రూ.36, ఆపైన కిలోమీటరుకు రూ.18. ముంబైలో ఆటో కనీస చార్జీ అదే ఏడాది ఫిబ్రవరి నుంచి రూ.26. రేటు సవరించిన ఊళ్లలో మీటరు ఏదో మేరకు తిరుగుతోంది. సవరించని ఊళ్లో అది అలంకారం. గిట్టని రేటు పెట్టి మీటరు వేయలేదని డ్రైవర్ని తిట్టడం న్యాయం కాదు. ఆ ఖాళీలోకే యాప్‌లు నడిచొచ్చాయి. హైదరాబాద్ ప్రయాణికుడు యాప్‌ను ఇష్టపడ్డది చవక అని కాదు, ఎక్కకముందే అంకె చూపించిందని.

సంఖ్య విషయంలోనూ న్యూయార్క్ నీడ ఇక్కడ కనిపిస్తుంది. నగరంలో కొత్త ఆటో పర్మిట్ల మీద ఏళ్ల తరబడి ఆంక్ష ఉండేది. పాత బండి తుక్కు చేసి దాని స్థానంలో కొత్తది దించాల్సి వచ్చేది. దాంతో బండికంటే పర్మిట్ కాగితానికి విలువ పెరిగింది. ఆ కాగితాలు ఫైనాన్షియర్ల బీరువాల్లోకి చేరాయి. తోలేవాడు కిస్తీలూ కిరాయిలూ కడుతూ ఉండిపోయాడు. బిళ్ల లేకపోయినా బిళ్ల కథే. 2025లో ప్రభుత్వం ఔటర్ రింగ్ రోడ్డు లోపల 65 వేల కొత్త ఆటోలకు అనుమతిచ్చింది. అందులో విద్యుత్, సీఎన్‌జీ, ఎల్‌పీజీ బండ్లకు, పాతవాటిని మార్చి నడిపే వాటికి వేర్వేరు వాటాలు పెట్టింది.

రాష్ట్రం విడిపోయిన సంగతి క్యాబ్ డ్రైవర్లకు పదేళ్లు ఆలస్యంగా తగిలింది. ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో తీరిపోయాక, ఏపీ నంబరు పలకతో హైదరాబాద్‌లో తిప్పుకుంటున్న క్యాబ్‌లను స్థానిక డ్రైవర్లు అడ్డుకున్నారు. అవతలి వాళ్లు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌ను కలిసి మొరపెట్టుకున్నారు. ఇద్దరూ ఒకే యాప్‌లో, ఒకే అంకెకు పనిచేసేవాళ్లే. పన్నులు వేరు, పలకలు వేరు. మరోవైపు మహిళలకు ఉచిత బస్సు తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. ఆటోల గిరాకీ తగ్గిందని రెండు చోట్లా డ్రైవర్లు గోల పెట్టారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 అక్టోబరులో ఆటో, క్యాబ్ డ్రైవర్లకు తలా రూ.15 వేలు ఇచ్చింది. అంతకుముందు ప్రభుత్వం వాహనమిత్ర పేరుతో రూ.10 వేలు ఇచ్చేది. డబ్బు పంచడం కంటే కిరాయి రేటు సవరించడం ప్రభుత్వాలకు కష్టంగా ఉన్నట్టుంది.

హైదరాబాద్ డ్రైవర్లు చేసిన ఒక నిరసన ఈ వ్యవహారమంతటినీ చక్కగా పట్టి చూపింది. 2024 ఏప్రిల్‌లో, ఎండలు ముదిరిన వేళ, తెలంగాణ గిగ్ వర్కర్ల సంఘం క్యాబ్‌లలో ఏసీ వేయబోమని ప్రకటించింది. కంపెనీ ఇచ్చే కిలోమీటరు రేటులో ఏసీ ఖర్చు గిట్టదని, కావాలంటే ప్రయాణికుడు టిప్పు ఇవ్వాలని చెప్పింది. వెనక సీట్లో చెమటలు కక్కుతున్న మనిషి డ్రైవర్ని తిట్టుకున్నాడు. రేటు వేసిన సర్వర్ చల్లని గదిలోనే ఉంది. గిగ్ కార్మికుల కోసం రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో చట్టాలు చేశాయి. తెలంగాణ 2025లో ముసాయిదా విడుదల చేసింది. కేంద్ర సామాజిక భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అగ్రిగేటర్లు టర్నోవర్‌లో ఒకటి రెండు శాతం సంక్షేమ నిధికి కట్టాలని అందులో ఉంది. ఇవన్నీ బీమా గురించి, నిధి గురించి. రేటు గురించి ఏ ఒక్కటీ సూటిగా మాట్లాడదు.

మిగిలింది రెండు రెట్ల లెక్క. 2025 మార్గదర్శకాల్లో గరిష్ఠం, కనిష్ఠం రెండూ ఆధార చార్జీ మీద ఆధారపడ్డవే. ఆటోకైనా క్యాబ్‌కైనా ఆ ఆధార చార్జీ ఎంతో ప్రకటించాల్సింది కేంద్రం కాదు, కంపెనీ కాదు, రాష్ట్ర ప్రభుత్వం. 67వ సెక్షన్ ఆ అధికారాన్ని, చట్టం అమల్లోకి వచ్చిన 1989 జూలై 1 నుంచీ, రాష్ట్రాల చేతిలోనే పెట్టింది.